మన్యపు జ్వరము ఒక్కటి కాదు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠము)



స్మారకోపన్యాసమనగా స్మరింపబడు మహనీయుని గుణకీర్తనతో ప్రారంభమై ఆ కీర్తనతోనే ముగియుట మన సభలలో పరిపాటి. కాని సుబ్బారావుగారు బ్రదికియున్నన్నాళ్ళు పొగడ్తకు మొగముచాటు చేసినవారు; తాము చేయించిన పనికి తమ పేరు ముందుగ రావలెనని పట్టుపట్టినవారు కారు. అట్టివారి స్మృతికి మనము చేయదగిన మర్యాద, వారు విడిచిపోయిన పని నేడు ఏ మంచము చెంత, ఏ రోగికి, ఏ విధముగ అక్కరకు వచ్చుచున్నదో విచారించుటయే యని తలచితిని. 1895లో భీమవరమున జన్మించి 1948 ఆగస్టులో న్యూయార్కు నగరమున కన్నుమూసిన ఆ మహాశయుని పర్యవేక్షణలో, లెడర్లే పరిశోధనాలయమున వెలువడిన ఒక బంగారువన్నె మందు సంతతి, నేడు విశాఖ మన్యమునందలి ఒకానొక జ్వరమునకు ముఖ్యౌషధమై యున్నది. ఆ జ్వరమును గూర్చియు, దానితో కలిసిమెలిసి కొండలలో తిరుగాడుచు ఒకదాని వేషము నొకటి ధరించు తక్కిన జ్వరములను గూర్చియు నాలుగు మాటలు మనవిచేసికొందును.

మన్యమని నేను పలుకునప్పుడు, శ్రీకాకుళపు సవరకొండలు మొదలుకొని పార్వతీపురము, అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతముల మీదుగ రంపచోడవరము దాటి, పాపికొండల నడుమ గోదావరిలోనికి దిగెడు తూర్పుకనుమల భాగము నుద్దేశించుచున్నాను. ఇందలి ఉన్నత శిఖరములు సముద్రమట్టమునకు 1,600 మీటర్లకు పైబడియుండును. అరకులోయ యించుమించు 900 మీటర్ల యెత్తున నున్నది. శీతకాలమున లంబసింగిలో పొగమంచు చూడ వచ్చెడి యాత్రికులు, ఇంతటి చలిలో దోమయు జ్వరమును ఉండునా యని ఆశ్చర్యపడుదురు. ఉండును. ఈ చలి మనుష్యుని వణకింపజాలును గాని దోమజాతిని నిర్మూలింపజాలదు. కొండ యెక్కిన ఆరోగ్యము బాగుపడుననెడి ఊటీ న్యాయము ఇచ్చట చెల్లదు. కొండవాలున పోడు, పోడు విడిచినచోట పెరిగిన తుప్పలు, దిగువన గెడ్డ యను కొండవాగు, గెడ్డనానుకొని వరిమడి, మడికి పైగా పల్లె — ఒక్క చూపులో ఇమిడెడి ఈ కాస్త నేలలోనే మన జ్వరములన్నియు వేర్వేరు కాపురములు చేయుచున్నవి. రోగి యెచ్చట పనిచేసెను, ఎచ్చట పరుండెను, ఏ నీరు త్రావెనని యడుగకుండ మన్యమున జ్వరనిర్ణయము చేయబూనుట వ్యర్థప్రయాస.

పూర్వులు ఈ భేదములను పాటింపలేదు. వారికి అది మన్నెపు జ్వరము, అంతియే. మన్నెపు గాలి పడలేదనిరి. మన్నెపు నీళ్ళు పడలేదనిరి. ఏజెన్సీకి బదిలీ యనినంతనే గుమాస్తా మొదలు దొర వరకు గుండె జారెడిది. 1879లో రంప పితూరీ నణచ నేగిన పటాలములను జ్వరము మంచము పట్టించిన వైనము చరిత్రలో కలదు. మన సారస్వతమునకు సంబంధించిన ఒక విషాదము కూడ ఇందు చేరియున్నది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి నుండి సవరకొండలలో తిరిగి, లిపిలేని ఆ భాషను నోళ్ళనుండి విని నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిన సంగతి మీ రెరుగుదురు. ఆ తిరుగుళ్ళలో వారికి మలేరియా సోకెను. దానికై సేవించిన క్వినైను వారి వినికిడిని హరించెను. ధ్వని ధ్వనికి భేదము పట్టగల పండితునకు చెవులే కొరవడుట యెంతటి విపరీతము! వ్యావహారిక భాషకై ఆయుష్షంతయు పోరాడిన వారి కథను గ్రాంథికవాసన వీడని ఈ వాక్యములలో చెప్పుచున్నందుకు వారి ఆత్మ నన్ను క్షమించుగాక.

మలేరియాకు ఈ కథలో పెద్దపీట వేయక తప్పదు. దాని రహస్యమును ఛేదించిన ఒక ముఖ్య ఘట్టము మన తెలుగునేలమీదనే జరిగినది. 1897 వేసవిలో నీలగిరుల సిగూరు కనుమకు పరిశోధనార్థము పోయి స్వయముగ మలేరియా పాలయి వచ్చిన రోనాల్డ్ రాస్, ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు చెంత బేగంపేటలో, హుసేన్ ఖాన్ అను రోగి రక్తము త్రావిన దోమ కడుపులో మలేరియా క్రిమి కోశములను కనుగొనెను. గాలియు కాదు, నీరును కాదు, దోమ యని తేలినది. ఆ పిమ్మట 1914లో పెర్రీ అను వైద్యుడు, ఆనాటి విశాఖపట్టణము జిల్లాలోనిదే యైన జయపురపు కొండప్రాంతముల మలేరియాను గూర్చి నివేదిక ప్రకటించెను. ఆ కాలపు పరిశోధకులు పల్లెపల్లెకు పోయి, పిల్లలను వరుసగ నిలువబెట్టి, ఎడమడొక్కలో ప్లీహమును తడిమి లెక్కించెడివారు. పల్లెవాసులు బల్ల యనెడి ఆ పెరిగిన ప్లీహము ఎందరు పిల్లలలో చేతికి తగిలిన, ఆ యూర మలేరియా అంతగ కాపురమున్నదన్నమాట. యంత్రమక్కరలేని ఇంతటి సులభమైన కొలబద్ద వైద్యశాస్త్రమున మరియొకటి లేదని నా నమ్మకము.

కొండలలో మలేరియాను మోయు ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. దీని నడవడి తెలిసినగాని మన్యపు మలేరియా అర్థము కాదు. గెడ్డ అంచున గడ్డిపోచలు నీటిని తాకుచోట, మెల్లగ పారెడు తేటనీటిలో ఇది గ్రుడ్లు పెట్టును. పట్టణపు మురుగు దీనికి సరిపడదు. కావున పట్టణమునుండి వచ్చి, మురుగుకాలువలు శుభ్రపరచుకొనుడని మన్యవాసులకు బోధించు ఉపన్యాసకుని మాట వినసొంపుగ నున్నను, ఆ బోధ ఈ దోమను తాకదు. జడివానలు కురియు దినములలో గెడ్డ పొంగి దోమపిల్లలు కొట్టుకొనిపోవును. వానలు వెనుకబట్టి గెడ్డలు తేరుకొని సన్నగ పారనారంభించిన పిదప దోమ హెచ్చును. అందుచేతనే వర్షాకాలము గడిచి, జనులు కోతలలో మునిగియున్న శీతకాలపు మాసములలో జ్వరము మరల తలయెత్తును. వరిమళ్ళలోను గుంటలలోను పెరుగు అనాఫిలిస్ క్యూలిసిఫాసిస్ అను మరియొక దోమ దీనికి తోడు.

మన ప్రాచీన వైద్యులు విషమజ్వరము క్రింద సంతతము, సతతము, అన్యేద్యుష్కము, తృతీయకము, చతుర్థకము అని ఐదు విధములు చెప్పిరి. దినము విడిచి దినము వచ్చు తృతీయకమును చదివిన నేటి వైద్యునకు వైవాక్స్ మలేరియా స్ఫురింపక మానదు. అయితే మన కొండలలో పైచేయి ఫాల్సిపారం జాతిది. అది పుస్తకములోని వరుసను పాటింపదు: తొలిదినములలో ఎడతెగక కాయును, వణకు లేకపోవచ్చును, వాంతులో విరేచనములో ముందు కనిపించి అజీర్ణమని భ్రమింపజేయును. పెద్దవానికి ఒకింత వ్యవధి యిచ్చును గాని పసిబిడ్డకు ఈయదు. ఉదయమున ఒడలు కాలుచు ఆడుకొనుచున్న బిడ్డ సాయంకాలమునకు మగతపడి, రాత్రికి మూర్ఛలు వచ్చి, డోలీ కట్టి రహదారి చేర్చులోపలనే చేయిదాటిపోవుట మన్యమున పనిచేసిన వైద్యులందరు ఎరిగిన దుఃఖము. జ్వరము వచ్చిన దినముననే వ్రేలినుండి బొట్టు రక్తము తీసి పరీక్షించుట, ఫాల్సిపారమని తేలినచో ఆర్టెమిసినిన్ కలిసిన మిశ్రమచికిత్స వెంటనే ప్రారంభించుట, రోగి మగతగ నున్నచో ఆర్టిసునేట్ సూది వేసి పెద్దాసుపత్రికి పంపుట — ఇంతకుమించిన రహస్యము లేదు. వైవాక్స్ క్రిములు కాలేయమున నిద్రించి నెలల తరువాత లేచును గనుక దానికి ప్రిమాక్విన్ 14 దినములు మ్రింగవలెను; జ్వరము తగ్గిన మూడవనాడే మాత్రలు చూరులో దోపుట మన జనులకు అలవాటు. జీ-6-పీడీ అను కిణ్వము కొరవడిన వారికి ఆ మందే రక్తనాశనము చేయును గనుక, అట్టి కొరత గలవారు గిరిజనులలో ఉండుదురని వైద్యుడు మరువరాదు.

గిరిజనులలో కొందరి రక్తమున కొడవలి కణముల లక్షణము వంశానుగతముగ వచ్చుచున్నది. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే ఆ లక్షణమును పొందినవారికి ప్రాణాంతకమైన ఫాల్సిపారం నుండి కొంత రక్షణ కలుగునని 1954లో ఆలిసన్ నిరూపించెను. ఇరువురినుండియు పొందిన బిడ్డకు మాత్రము అది శాపమే; అట్టి బిడ్డ జ్వరముతో ఎముకలు నొచ్చి యేడ్చుచు వచ్చినప్పుడు వేరు విధమైన జాగరూకత అవసరము.

దేశమున 1953లో మలేరియా నియంత్రణ పథకము మొదలైన నాటికి ఏటేట 7.5 కోట్లమంది దీని పాలబడుచు 8 లక్షలమంది మరణించుచుండిరని అంచనా. డీడీటీ చల్లగ 1961 నాటికి రోగుల సంఖ్య 50 వేల ప్రాంతమునకు దిగెను. 1976లో మరల 64 లక్షలకు ఎగబ్రాకెను. మైదానములు ఊపిరి పీల్చుకొన్న ఆ మధ్యకాలమునందును కొండలు పూర్తిగ తేరుకొనలేదు. మట్టిగోడలపై చల్లిన మందు పండుగకు గోడ లలుకగనే మరుగుపడిపోవును. పోడు కాపలాకై పాకలలో పరుండువానికి చల్లుటకు గోడయే లేదు. ఇటీవలి దశాబ్దమున దోమతెరలు, వ్రేలిరక్తపు పరీక్షలు, ఆశా కార్యకర్తలు పల్లెలకు చేరుటచేత మలేరియా దేశమంతట గణనీయముగ వెనుకంజ వేసినది. సంతోషము. అయితే ఇక్కడనే నా ప్రసంగములోని అసలు విషయము మొదలగుచున్నది. పూర్వము జ్వరమనగా మలేరియా యని కండ్లుమూసికొని మందిచ్చినను పదింట ఎక్కువపాళ్ళు గురి తప్పెడిది కాదు. నేడు పరీక్షలో మలేరియా లేదని వచ్చిన జ్వరము లెక్కకు మిక్కిలి. ఆ జ్వరమునకు మనము ఏమి సమాధానము చెప్పుచున్నాము?

అనేకచోట్ల చెప్పుచున్న సమాధానము ఇది: విడాల్ పరీక్ష చేయించి, అది కొంచెము పైకి చూపినచో టైఫాయిడనుట, ప్లేట్‌లెట్లు తగ్గినచో డెంగీ యనుట, ఏదియు కానిచో వైరల్ అనుట, ఏ పేరు పెట్టినను సెఫ్ట్రియాక్సోన్ సూది పొడుచుట. ఈ నాలుగు మాటలలో మూడు ప్రమాదములు కలవు. 1896 నాటిదైన విడాల్ పరీక్షను, టైఫాయిడ్ నిత్యము సంచరించు దేశమున ఒక్కసారి చేసి తీర్పుచెప్పుట సరికాదు. ఎన్నడో వచ్చిపోయిన జ్వరపు జ్ఞాపకము కూడ రక్తమున నిలిచి దానిని పైకెత్తును. ప్లేట్‌లెట్లు మలేరియాలోను తగ్గును, లెప్టోస్పైరోసిస్‌లోను తగ్గును, ఇక చెప్పబోవు జ్వరములోను తగ్గును. సెఫ్ట్రియాక్సోన్ ఆ చెప్పబోవు జ్వరమును ఏమాత్రము తాకజాలదు.

ఆ జ్వరమే స్క్రబ్ టైఫస్. దీనికి కారణమైన సూక్ష్మజీవి పేరు ఓరియెన్షియా సుట్సుగముషి. దానిని మోయునది ఒక సూక్ష్మమైన నల్లి. మంచములో దాగెడు నల్లి కాదు, తొలకరి జల్లులకు నేలమీద ఎర్రని మఖమలు ముక్కవలె ప్రాకెడు ఆరుద్రపురుగుకు ఇది చుట్టము. ఈ జీవి చరిత్రము కడు చిత్రమైనది. పెద్దదైన నల్లి మట్టిలో బ్రదుకును, మనుష్యుని జోలికి రాదు. దాని పిల్ల మాత్రము, మిల్లీమీటరులో అయిదవవంతు పరిమాణము గలది, గడ్డికొనలకు ప్రాకి దారినపోవు ఎలుకకొరకు కాచుకొనును; ఎలుక తప్పి మనిషి తగిలిన మనిషినే పట్టును. జీవితమున ఒక్కసారి మాత్రమే అది అట్లు ప్రాణిని పట్టి ఆహారము తీసికొనును. క్రిమి తల్లినల్లి నుండి గ్రుడ్డు ద్వారమున పిల్లకు సంక్రమించును గనుక, ఒక తుప్పలో అది నాటుకొన్నచో ఏండ్లతరబడి అచ్చటనే నిలిచియుండును. పోడుచేసి విడిచిన నేలలో పెరుగు తుప్పలు, మడిగట్లు, పల్లెను చుట్టియున్న గడ్డి, వంటచెరకు ప్రోగులు — ఎలుకలు తిరుగు ఇట్టి తావులే దాని నెలవులు. మహారణ్యము దానికి అంతగ ప్రియము కాదు. మనుష్యుడు నరికి విడిచిన నేలయే ప్రియము. రెండవ ప్రపంచయుద్ధమున అస్సాము, బర్మా సరిహద్దులలోని సైన్యములను ఈ జ్వరమే మిక్కిలిగ పీడించినది. యుద్ధానంతరము మన వైద్యులు దానిని ఇంచుమించు మరచిపోయిరి. జ్వరము మాత్రము ఎక్కడికిని పోలేదు.

నల్లిపిల్ల కరచిన పదిపండ్రెండు దినములకు జ్వరము ప్రారంభమగును. తల పగిలిపోవునట్లు నొప్పి, కండ్లు ఎర్రబారుట, ఒడలు నొప్పులు, పొడిదగ్గు, చంకలోనో గజ్జలోనో బిళ్ళలు కట్టుట. కొందరికి చెవులలో హోరు, వినికిడి మాంద్యము. మొదటి వారమున ఇది ఏ జ్వరమైనను కావచ్చును. రెండవ వారమున ఆయాసము పుట్టును, మూత్రము తగ్గును, మాట తడబడును. అప్పటికి న్యుమోనియా యనియో మెదడువాపు అనియో మరియొక పేరు చేరును. చికిత్స లేని దినములలో కొన్ని ప్రాంతములయందు నూటికి 30 మందిదాక దీనిచే మరణించుచుండిరి.

దీనికొక గుర్తు కలదు. నల్లి కరచినచోట నొప్పి లేని చిన్న పొక్కు లేచి, మాడి, నల్లపక్కు కట్టి, చుట్టును సన్నని ఎర్రని వలయముతో, చుట్ట నిప్పు తగిలి కాలినట్లు కనిపించును. రోగి దానిని చెప్పడు. నొప్పి లేదు గనుక అతనికే తెలియదు. నల్లిపిల్ల బట్ట బిగిసిన చోటికి, మడతబడిన చర్మపు మెత్తదనమునకు వెదకికొని పోవును గనుక ఆ పక్కు మొలత్రాటి క్రింద, చంకలో, గజ్జలో, రొమ్ము మడతలో, పిరుదుల నడుమ, చెవి వెనుక, తలవెండ్రుకల మొదళ్ళలో దాగియుండును. చెమ్మగ నుండు మడతలలో పక్కు నల్లగ కూడ ఉండదు. పసుపుపచ్చని చిన్న వ్రణముగ మాత్రము కనిపించును. వరుసలో నూరుమంది నిలిచియున్న బయటిరోగుల గదిలో, చొక్కా విప్పించుటకు తీరిక లేని వైద్యునకు ఇది దొరకదు. ఆడవారి విషయమున మరియు కష్టము. నర్సమ్మను పిలిచి, తెర కట్టించి, మర్యాదతో అడిగి చూడవలసియుండును. ఆ రెండు నిమిషముల పని ఏ ప్రయోగశాలయు చేయలేనిది. పక్కు దొరికిన ఇక పరీక్షకై నిరీక్షింప పనిలేదు. దొరకనంత మాత్రమున ఈ జ్వరము కాదనియు అనరాదు. పక్కు కనిపింపని రోగులు సగమునకు మించి యుండు ప్రాంతములు కలవు.

మన విశాఖ ఏజెన్సీలో ఇంకొక నల్లపక్కు కూడ కలదని ఇచ్చటనే హెచ్చరింపవలసియున్నది. చచ్చిన పశువును కోసి మాంసము పంచుకొన్న పల్లెలలో అప్పుడప్పుడు ఆంత్రాక్స్ పొడసూపుట పత్రికలలో మీరు చదివియేయుందురు. దాని పక్కు కూడ నల్లనిదే, నొప్పిలేనిదే; కాని అది మాంసము కోసిన చేతులమీదనో మొగముమీదనో లేచును, చుట్టును నీటిపొక్కులు గట్టి, చేయి యంతయు ఉబ్బునంతటి వాపు తెచ్చును. స్క్రబ్ టైఫస్ పక్కు చుట్టును అట్టి వాపు ఉండదు. ఒకటి దాచిన చోట, ఒకటి బయటి చోట. ఇంట పశువు చచ్చినదా యని యడిగిన సందేహము చాలవరకు తీరును.

ఇక సుబ్బారావుగారి మందు మాట. 1945లో లెడర్లే పరిశోధనాలయమున వృక్షశాస్త్రజ్ఞుడైన బెంజమిన్ డగ్గర్, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి వేరుచేసిన ఒక బంగారువన్నె సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ లభించెను. ఆ పరిశోధన కార్యక్రమమునకు నాయకుడు సుబ్బారావుగారు. 1948 వేసవిలో దానిని లోకమునకు ప్రకటించిన కొలది దినములకే వారు పరమపదించిరి. టెట్రాసైక్లిన్ వంశమునకు మూలపురుషుడు ఆ మందే; 1967లో వెలువడిన డాక్సీసైక్లిన్ ఆ వంశములోనిదే. స్క్రబ్ టైఫస్ రోగికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు దినమునకు రెండుసార్లు ఈయగ, సాధారణముగ 48 గంటలలో జ్వరము దిగును. అట్లు దిగుటయే రోగనిర్ణయమునకు సాక్ష్యమనదగును. దిగనిచో మన నిర్ణయమునే మరల విమర్శించుకొనవలెను. గర్భిణులకు అజిత్రోమైసిన్ వాడుదురు. రోగము ముదిరి శ్వాస కష్టమైన వారికి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండును నరముద్వారా కలిపి యిచ్చుట ఒక్కొక్కదానికంటె మేలని మన దేశమున జరిగి 2023లో ప్రచురితమైన పరిశోధన చూపినది. ఇంతటి ప్రాణదాత యైన మాత్ర వెల కొలది రూపాయలే. తమ సోదరు లిరువురు 1921లో దినముల వ్యవధిలోనే స్ప్రూ అను ఉష్ణదేశవ్యాధికి బలికాగ, తామును ఆ వ్యాధి పాలయి బ్రదికి బయటపడిన సుబ్బారావుగారికి, మందు పేదవాని అందుబాటులో నుండుట యనగ నేమో ఎవరును చెప్పవలసిన పనిలేదు.

1948వ సంవత్సరమే మరియొక సంఘటనము చూచినది. స్మాడెల్, వుడ్‌వార్డ్ మొదలగు అమెరికను వైద్యులు క్లోరాంఫెనికాల్ అను క్రొత్తమందును స్క్రబ్ టైఫస్‌పై పరీక్షించుటకు మలయా దేశమున కౌలాలంపూరు చేరిరి. స్క్రబ్ టైఫసనియే తలచి మందిచ్చిన రోగులలో కొందరికి ఉన్నది నిజమునకు టైఫాయిడని పిదప తేలెను, వారును స్వస్థులైరి. టైఫాయిడునకు తొలి దివ్యౌషధము ఇట్లు ఒక రోగనిర్ణయ భ్రమనుండి లోకమునకు దక్కినది. అనుభవజ్ఞులైన పరిశోధకులే మంచము చెంత ఈ రెంటిని వేరుచేయలేకపోయిరనిన, ఏకాకియై కొండమీది ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున కూర్చున్న మన యువవైద్యుని కష్టము ఊహింపవచ్చును.

టైఫాయిడ్ నీటిజ్వరము. కొండవాగు నీరు కంటికి తేటగ నుండును. పై పల్లె మలినము దిగువ పల్లె కుండలోనికి చేరుటకు ఆ తేటదనము అడ్డు కాదు. మెట్టుమెట్టుగ జ్వర మెక్కుట, నాలుక పూత, కడుపుబ్బరము, జ్వరమునకు తగినంత వేగము లేని నాడి, మూడవవారమున ప్రేగునకు రంధ్రము పడు ప్రమాదము — పాతపుస్తకములు చెప్పిన ఈ లక్షణములు నేటికిని చెల్లును. మందులు మాత్రము చెల్లుటలేదు: క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ 1972లోనే కేరళములోని కాలికట్‌లో ప్రబలినది. ఈ జ్వరమునకు రక్తపు కల్చరే నమ్మదగిన సాక్షి. ఒక్క మంచి కల్చరు వసతి పాడేరులో నుండుట పది విడాల్ పరీక్షలకంటె మేలు.

తక్కిన వానిని త్వరగ ముగింతును. ఎలుకమూత్రము కలిసిన మడినీటిలో పుండుకాళ్ళతో దిగినవానికి లెప్టోస్పైరోసిస్ రావచ్చును. పిక్కలు ముట్టుకొననీయని నొప్పి, ఎర్రని కండ్లు, పచ్చకామెర దాని జాడలు. అదృష్టవశమున దానికిని డాక్సీసైక్లిన్ పనిచేయును. డెంగీ పూర్వము పట్టణవ్యాధి. నీటిడ్రమ్ములు, ప్లాస్టిక్ గ్లాసులు, పాత టైర్లు కొండ యెక్కిన వెంటనే అదియు ఎక్కినది. దానికి సూక్ష్మజీవినాశకములు పనికిరావు. జ్వరము దిగిన తరువాతి రెండుదినములే కనిపెట్టియుండవలసినవి. 2005 చివరను 2006లోను తెలుగు జిల్లాలను కీళ్ళుపట్టించి కూలవేసిన చికున్‌గున్యాను గూర్చి అనుభవించిన మీకు నేను చెప్పనక్కరలేదు. అయిదేండ్లలోపు బిడ్డ జ్వరముతోపాటు దగ్గుచు వచ్చిన, గడియారము చేతబట్టి ఊపిరులు లెక్కింపుడు; ఏడాది దాటిన బిడ్డకు నిమిషమునకు 40, రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు 50 గాని అంతకు మించి గాని యున్నచో, అది న్యుమోనియాయే యని యెంచి చికిత్స మొదలిడవలెను. మన్యమున బిడ్డలను బలిగొను వానిలో ఇది ముఖ్యమైనది. అయినను దోమలేని, నల్లిలేని జ్వరము గనుక దీనికి పత్రికలలో చోటు దొరకదు.

కొందరు మిత్రులు, గిరిజన పూజారి యైన దిసారి పూజ చేసినగాని గిరిజనుడు ఆసుపత్రికి రాడనియు, చికిత్స ఆరంభమగుటలో జాప్యమునకు అదియే కారణమనియు అనుచుందురు. నే నంగీకరింపను. దిసారి ఒక పూట తీసికొనును. డోలీ మోసికొనివచ్చు బాట ఒక దినము తీసికొనును. వచ్చిన పిదప సరికాని సూదులతో మనము ఒక వారము తీసికొనుచున్నాము. వీనిలో ఏది పెద్ద జాప్యమో మీరే తీర్పుచెప్పుడు.

యువవైద్యులారా, కొండమీద పనిచేయువారికి నా మనవి స్వల్పము. జ్వరము వచ్చిన నాడే మలేరియా చూడుడు. లేదని తేలిన రోగిని పంపివేయక బట్టలు సడలించి చర్మమును వెదకుడు. అయిదు దినములు మించిన జ్వరమున, పక్కు కనిపించినను కనిపింపకున్నను, డాక్సీసైక్లిన్‌ను ఆలోచించుడు. దానికి ముందు వీలున్నచో రక్తమును కల్చరునకు తీసి యుంచుడు. విశాఖపట్టణమునను హైదరాబాదునను కూర్చున్న వైద్యులకు మరియొక మనవి. నేడు అరకునకు, లంబసింగికి, మారేడుమిల్లికి వేలకొలది జనులు విహారమునకు పోయి, గడ్డిమీద పరుండి, గుడారములలో నిద్రించి వచ్చుచున్నారు. వారి జ్వరము పది దినముల తరువాత, మైదానపు ఇంటిలో, మరియొక వీధి వైద్యుని చెంత బయటపడును. జ్వరముతో వచ్చిన ప్రతివానిని, గడచిన మూడువారములలో ఎక్కడ తిరిగితిరి, ఎక్కడ పరుంటిరి యని ఒక్క ప్రశ్న యడుగుడు. కొండకు పోయివచ్చినవారును, వైద్యుడు అడిగినను అడుగకున్నను, ఆ మాట తామే ముందుగ చెప్పవలెనని ప్రార్థించుచున్నాను.